నడుమ సీటు

మా ఊరి అడ్డ మీద ఆటో నిండకపోతే కదలది. నిండుడంటే మీరు అనుకునే నిండుడు గాదు. వెనుక సీటు మీద ఇరుక్కొని నలుగురు, వాళ్ల ముంగట చెక్క మీద ఇంకొందరు, డ్రైవర్‌కు అటొకలు ఇటొకలు, పైన గోనె సంచులు. అయినా డ్రైవర్ ఒకపారి తొవ్వ దిక్కు చూసి, "ఇంకొకలొస్తరేమో, జర ఆగున్రి" అంటడు. చూసిండని నాకెట్ల ఎరుకంటే, "ఏం చూస్తవ్ రా, పోనియ్యి" అని లోపలున్నోళ్లు మొత్తుకుంటరు గాబట్టి. నాకైతే కండ్లు కనవడయి. చిన్నప్పుడు జరమొచ్చి పోయినయి. మాది ఝరాసంగం దిక్కు ఒక పల్లె. జహీరాబాద్‌ల సర్కారు బడిల పిల్లలకు తెలుగు చెప్త. పొద్దుగాల ఆటోల పోవుడు, మాపటికి ఆటోల వచ్చుడు. పెండ్లి గాలె. ఆ కథ ఇక్కడ అక్కెర లేదు.

మా రూట్ల ఆటో ఎక్కేటోళ్లు మంచోళ్లు. ఇది ముందుగాలనే చెప్పాలె, ఎందుకంటే ఇగ వాళ్లను తిడ్త.

కండ్లు లేనోళ్లకు చెవులు గూడ లేవనుకుంటరు కొందరు. చెవుల నోరు పెట్టి "టీచరమ్మా, మంచిగున్నవా!" అని ఒర్లుతరు. మంచిగనే ఉంటి, నువ్వు ఒర్లేదాంక. ఇంకొందరు నాతోని మాట్లాడరు, నా పక్కనున్నోళ్లను అడుగుతరు. "ఆమె ఏడ దిగుతది?" అని. ఆ పక్కనున్న తల్లి నన్ను ఎన్నడు చూసింది పాపం, "ఏమో మరి" అంటది. "ఆమెనే అడుగు భాయ్, ఆమెకు నోరున్నది" అంట నేను. ఎంత నోరున్నదో గప్పుడు అందరికి ఎరుకైతది. మరి కొందరు మాట నడుమల చెప్పకుండ దిగిపోతరు. నేనేమో ఖాళీ జాగతోని అల్లం రేటు గురించి ముచ్చట పెట్టుకుంట పోత. "పోతున్న అక్కా" అని ఒక్క మాటంటే నోట్లెకెల్లి ముత్యాలు రాలుతయా?

ఒకనాడు ఎవరో పెద్దమనిషి తన అల్లుని గురించి చెప్పుకుంట "గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు చేసిండు" అన్నడు. అన్నడో లేదో ఆటోల అందరు గప్‌చుప్. నాలుక కరుసుకున్నట్టున్నడు పాపం. "ఎద్దును అన్నవ్ గద తాతా, నాకేంది, తర్వాత అల్లుడేం చేసిండో చెప్పు" అన్న. అందరు నవ్విన్రు. ఆ ముసలాయన మాత్రం దిగేదాంక మల్ల నోరు తెరువలే. ఆ అల్లుడేం చేసిండో నాకు ఇప్పటికీ తెల్వది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని మా అమ్మ అంటది.

"ఊరు మంచిదే అమ్మా, చేతులే జర ఎక్కువున్నయి" అంట నేను.

చేతుల సంగతే అసలు సంగతి. ఆటో ఎక్కాలంటే నాకు ఒక్కటే కావాలె. నా చెయ్యి తీస్కపోయి తలుపుకాడి ఇనుప రాడు మీద పెడ్తె చాలు. రాడు దొరికిందంటే ఆటో మొత్తం దొరికినట్టే. కాలు ఎంత ఎత్తాలె, తల ఎంత వంచాలె, సీటు ఎటు దిక్కున్నది, అన్నీ రాడే చెప్తది. కని మా అడ్డ మీద అట్ల కాదు. ఒకలు రెక్క పట్టి గుంజుతరు, ఇంకొకలు వెనుకకెల్లి నూకుతరు, "పైలం పైలం" అని అందరు ఒర్లుతరు, నేను పోయి నడుమ సీట్ల పడ్త. నడుమ సీటుకు రాడు లేదు, గాలి లేదు, కాలు చాపే జాగ లేదు. దిగేటప్పుడు నా కోసమని కొస మీదోళ్లు అందరు దిగాలె. "కొసకు కూసుంట భాయ్" అంటే, "వద్దక్కా, మీ నాయిన ఊకోడు" అంటరు. నడుమ కూసుంటే పడవు అంటరు. నిజమే. మూట గూడ పడది.

ఈ మర్యాద మొత్తం మా నాయిన నేర్పిందే.

మా నాయిన అల్లం, చెరుకు ఏసేటోడు. మనిషి ఎత్తు, గొంతు పెద్దది. పంచాయితీల ఆయన లేసి నిలవడ్డడంటే మిగిలినోళ్లు కూసునేటోళ్లు. నాకు నౌకరి వచ్చిన కొత్తల రోజు పొద్దుగాల అడ్డ దాంక నా మణికట్టు పట్టుకొని వచ్చేటోడు. ఒక్కొక్క డ్రైవర్‌ను పిలిచి చెప్పేటోడు. "ఇగో, నా బిడ్డకు కనవడది. రెక్క పట్టి ఎక్కించున్రి. కొసకు వద్దు, నడుమ కూసోవెట్టున్రి. రెక్క పట్టి దించున్రి. బిడ్డకు ఇంత గీరుకపోయినా నేను ఊకోను." డ్రైవర్లు మారిన్రు, ఆటోలు మారినయి, ఆ మాట మారలే. పాత డ్రైవర్ కొత్తోనికి బండితో పాటు నన్ను గూడ అప్పజెప్పి పోయేటోడు.

"నాయినా, నన్ను ముట్టొద్దని చెప్పు. రాడు చూపిస్తె నేనే ఎక్కుత" అని ఎన్నోసార్లు చెప్పిన.

"పడితే ఎవలు లేపుతరు? నీకేం తెల్వది, ఊకో" అనేటోడు.

చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే. నేను గూడ ఊది ఊది ఇడిసిపెట్టిన.

తర్వాత నాయినకు షుగరొచ్చింది. షుగరని తెలిసినంక గూడ ఉడకవెట్టిన గుడాలల్ల బెల్లం ముక్క కొరుక్కొనే తిన్నడు. ముందుగాల కుడి కన్ను పోయింది. నెత్తురు దిగిందన్నరు. ఎడమ కన్ను గూడ మసకబారింది. కొట్టంకాడికి పోయి గుంజను మనిషి అనుకొని పలకరించిండని అమ్మ ఏడ్చుకుంట చెప్పింది. జహీరాబాద్‌ల కండ్ల దవాఖానకు పట్నం నుంచి నెలకోపారి పెద్ద డాక్టర్ వస్తడు. ఆయన చూసి, "కుడిది ఇగ రాదు. ఎడమ దాంట్లె జర వెలుగున్నది. నెలనెల కంట్లె సూది ఏపిచ్చుకుంటే నిలుస్తది. ఇడిసిపెడ్తె అదీ పోతది, పోయినంక నేనేం చెయ్యలేను" అన్నడు. ఆ జర వెలుగుల నాయినకు తలుపు తెలుస్తది, ఆకిట్ల నిలవడ్డ మనిషి తెలుస్తడు, తెల్లబట్ట తెలుస్తది. అమ్మ మొఖం తెల్వదు గని, అమ్మ వస్తుందని తెలుస్తది.

తమ్ముడు ట్రాక్టర్ కంపెనీల పనిచేస్తడు. దవాఖాన రోజు వానికి సెలవు దొరకదు. దొరికినా, వాని మోటార్ బండి మీద కూసుంటే నాయినకు కండ్లు తిరుగుతయి. నా బడి దవాఖాన తొవ్వలనే గాబట్టి, ఆ రోజు నేను సెలవు పెట్టి తీస్కపోత అన్న. అంటే కండ్లు లేని బిడ్డ కండ్లు లేని తండ్రిని ఆటోల తీస్కపోవుడు. అమ్మ జర పరేశానైంది. "ఎందుకమ్మా ఫికర్, ఆటోకు కండ్లున్నయి గద" అన్న.

అడ్డ మీదికి పోంగనే డ్రైవర్లు ఉరికొచ్చిన్రు. నన్ను ఎప్పటిలెక్కనే ముందుగాల నడుమకు నూకిన్రు. తర్వాత నాయిన మీద పడ్డరు. ఒకడు చంకల కింద చేతులు పెట్టిండు, ఒకడు వెనుకకెల్లి నూకిండు, మూడోవాడు లోపలికెల్లి గుంజిండు. "పైలం కాకా, పైలం! కాలెత్తు! అది గాదు, ఇంకో కాలు!" నాకు ఇనవడ్డవి చెప్త. అంగీ గుండీ పుటుక్కుమని తెగింది. చెప్పొకటి కింద పడ్డది. రుమాలు ఊడి నా ఒళ్లె పడ్డది. అడ్డ మొత్తాన్ని గదిమిన మనిషి, సీట్ల పడ్డంక ఊపిరి బరువుగ తీసుకుంట కూసున్నడు, గంతే.

డ్రైవర్ నన్ను అడిగిండు, "అక్కా, కాకా ఏడ దిగుతడు?"

ఇన్నేండ్లు నా గురించి వేరేటోళ్లను అడిగిన్రు. ఇప్పుడు నాయిన గురించి నన్ను అడుగుతున్నరు. నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంట నాయిన చెయ్యి మీద చెయ్యేసిన. ఆ చెయ్యి గుండీ తెగిన అంగీని గట్టిగ మూసి పట్టుకున్నది. నా నవ్వు ఆన్నే ఆగింది.

దవాఖానకాడ గూడ అట్లనే దించిన్రు. సూది ఏపిచ్చినం, పట్టీ కట్టిన్రు. వచ్చేటప్పుడు మల్ల అదే ఎత్తుడు, అదే నూకుడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని మంచం మీద కూసొని నాయిన ఒకటే మాటన్నడు. "ఇగ నేను రాను."

సూదికి భయపడ్డడనుకున్నరు అందరు. కంట్లె సూదంటే ఎవలికి భయంగాదు? మల్ల నెల డాక్టర్ వచ్చే రోజు దగ్గరపడ్డది. అమ్మ బతిమిలాడింది. తమ్ముడు డ్యూటీ కెల్లి వచ్చి కాళ్లు పట్టుకున్నంత పని చేసిండు. "సూది లేదు, గీది లేదు. ఉన్నకాడికి చాలు" అన్నడు నాయిన. అడ్డకే గాదు, ఆకిలి దాటి పక్కింటికి గూడ పోవుడు బంద్ చేసిండు. ఎవలన్న పలకరించనొస్తె, పండుకున్నడని చెప్పమనేటోడు.

నాకు మస్తు కోపమొచ్చింది. వెలుగెట్లుంటదో నాకు యాది గూడ లేదు. చేతుల ఉన్నదాన్ని ఒకలు ఊకెనే పారేసుకుంటుంటే చూసుకుంట ఊకునే గుణం నాకు లేదు. రేపు దవాఖాన అనంగ, మాపటి పూట పోయి ఆయన మంచం కాడ కూసున్న. నాయిన కందికాయ ఒలుస్తున్నడు. గింజలు గిన్నెల టకటక పడుతున్నయి.

"సూదంటే గంత భయమా నాయినా?" అన్న.

"సూదేందే, చీమ కుట్టినట్టున్నది" అన్నడు.

"మరేంది?"

గింజల చప్పుడు ఆగింది. నాయిన అన్నడు, "మనిషిని మూట లెక్క ఎత్తిన్రు బిడ్డా. నూకిన్రు. నా కాలు నాకు ఎరుకలేదా? ఏ కాలెత్తాల్నో నాకే చెప్పవట్టిరి. అందరి ముంగట. ఆ పోరగాండ్లు నా ముంగట నిలవడి మాట్లాడనీకె భయపడేటోళ్లు."

ఓదార్చాలె. ఓదారుస్తరు ఎవలైన. నా నోట్లెకెల్లి మాత్రం వేరే మాట వచ్చింది. "నువ్వే నేర్పినవ్ గద నాయినా వాళ్లకు!"

"నీ మంచికే చెప్పిన" అన్నడు.

"వాళ్లు గూడ నీ మంచికే ఎత్తిన్రు."

లోపల అమ్మ గిన్నెలు కడుగుడు ఆపింది. తిడ్తడనుకున్న. తిట్టినా బాగుండు. నాయిన కందికాయ చేతుల నలుపుకుంట నలుపుకుంట మెల్లగ అడిగిండు, "నీకు గూడ గిట్లనే ఉండెనా?"

"ఉండె."

"ఇన్నేండ్లు?"

"రోజు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు."

"మరి చెప్పవైతివి?"

"చెప్పిన నాయినా. నువ్వు ఇనలే."

నాకు ఏడుపొచ్చింది, కని ఏడుస్తున్నట్టు ఆయనకు కనవడదు గద అని ధైర్యంగనే ఏడ్చిన. ముక్కు చీదుడు ఆపుకోలేకపోయిన గాబట్టి ఎరుకైనట్టే ఉన్నది. కొద్దిసేపటికి గింజలు మల్ల గిన్నెల పడుడు షురూ అయింది.

తెల్లారి నేను బడికి పోయే టయానికే తయారైన. నాయినను ఏమడగలే, అడిగితె వద్దంటడని. కట్టె పట్టుకొని గడప దాటిన. వెనుకకెల్లి చెప్పుల చప్పుడు ఇనవడ్డది.

"ఆగు. నేనొస్తున్న. నీ మోచెయ్యి ఇయ్యి."

ఆయన నా మోచెయ్యి పట్టుకున్నడు. నేను కట్టెతోని తొవ్వ ఎతుక్కుంట నడిచిన. తొవ్వల ఎవడో, "ఎవలు ఎవల్ని తీస్కపోతున్నరు కాకా?" అన్నడు. "నీకెందుకు రా, తొవ్వ ఇడువు" అన్నడు నాయిన. ఆ గొంతు ఇని చానా రోజులైంది. నాకు లోపల్లోపల మస్తు సంబురమైంది.

అడ్డ మీద ఎప్పటిలెక్కనే నన్ను నడుమకు నూకిన్రు. నాయిన దిక్కు చేతులు లేసేసరికి, "ఆగున్రి!" అన్నడు. అందరు ఆగిన్రు. "ఎవ్వలు ముట్టొద్దు. నా చెయ్యి తీస్కపోయి రాడు మీద పెట్టున్రి. గంతే. మిగిలింది నేను చూసుకుంట."

"పడ్తవ్ కాకా" అన్నడు డ్రైవర్.

"పడ్తె లేస్త."

ఎవలో ఆయన చెయ్యి రాడు మీద పెట్టిన్రు. మొదటిపారి కాలు మెట్టుకు అందలే, కిందికి జారింది. చెక్క మీద కూసున్న ఆడామె "అయ్యో" అని లేవబోయింది. "ఊకో అక్కా" అని నేను ఆమె కొంగు పట్టి ఆపిన. పట్టిన గని, నాకు గూడ భయమే. ఇప్పుడు గన పడితే, ఈ మనిషి మల్ల ఇల్లు దాటడు. ఆ జర వెలుగు గూడ పోతది. పట్టుకొని ఎక్కిస్తె అయిపోతది గద అని ఒక్క నిమిషం నాకే అనిపిచ్చింది. నాకు! రెండోపారి కాలు మెట్టు మీద పడ్డది. ఒళ్లు లేసింది, తల పైకప్పుకు ఠప్పుమని తగిలింది.

"దెబ్బ తగిలెనా కాకా?"

"ఏం గాలె. పైకప్పు ఏడున్నదో ఎరుకైంది" అని కొస మీద కూసున్నడు నాయిన.

ఆటోల ఎవలో నవ్విన్రు, నాయిన గూడ నవ్విండు. బండి కదిలింది. కొంత దూరం పోయినంక, "కొసకు మంచిగ గాలి తగుల్తది గదనే" అన్నడు. "తగుల్తది" అన్న నేను, ఇద్దరు ఆడోళ్ల నడుమ ఇరుక్కొని. పెద్ద రోడ్డు వచ్చి లారీల మోత మొదలైందాంక ఆయన ఏదో ఆలోచన చేసుకుంటనే కూసున్నట్టున్నడు.

డాక్టర్ చూసి, ఎడమ కన్ను కిందటి నెల ఎట్లుండెనో అట్లనే ఉన్నది, తగ్గలే అన్నడు. చూపు పెరగదు, కని నిలుస్తది, నెల తప్పొద్దు అన్నడు. "తప్పనియ్య" అన్నడు నాయిన. సూది ఏసి, ఆ కంటికి పట్టీ కట్టిన్రు. అంటే ఆ పూట నాయినకు గూడ నా లెక్కనే అంతా చీకటి.

జహీరాబాద్ అడ్డ మీద మా ఊరి ఆటోనే దొరికింది. డ్రైవర్ పాతోడే, నా నౌకరి కొత్తల నుంచి ఉన్నోడు. "రా అక్కా, నడుమకు" అని నా రెక్క పట్టిండు.

"ఇడువు" అన్నడు నాయిన.

"ఏమైంది కాకా?"

"ఆమెను అడగకుండ ముట్టకు."

"నువ్వే చెప్పినవ్ గద కాకా, రెక్క పట్టి నడుమ కూసోవెట్టుమని!"

"చెప్పిన. తప్పు చెప్పిన. ఇప్పుడు చెప్తున్న, ఇను." డ్రైవర్ చెయ్యి నా రెక్క ఇడిసింది. నాయిన గొంతు నా దిక్కు తిరిగింది. అందరు ఇంటున్నరని తెలిసి గూడ గొంతు తగ్గించలే. "బిడ్డా, కొసకు కూసుంటవా, నడుమ కూసుంటవా?"

రాడున్న కొస ఒక్కటే. ఆయన కంటికి పట్టీ ఉన్నది. నేను కొస అంటే నాయిన నడుమ కూసుంటడు, రాడు లేకుండ, గాలి లేకుండ, మారు మాటనకుండ. అది ఆయన గొంతులనే తెలుస్తున్నది. జవాబు చెప్పనీకె జర సేపు పట్టింది. ఆ జర సేపు ఎవలు నన్ను గుంజలే, నూకలే. నేను చెప్పేదాంక ఆగిన్రు.

"నడుమ కూసుంట నాయినా" అన్న.

డ్రైవర్ తట్టుకోలేకపోయిండు. "అరే, ఇన్నేండ్లు కొస, కొస అని మా పానం తింటివి గదక్కా!"

"ఇన్నేండ్లు నన్ను ఎవలడిగిన్రు?" అని నేనే రాడు దొరికిచ్చుకొని ఎక్కి, నడుమకు జరిగి కూసున్న. నాయిన గూడ రాడు పట్టుకొని నా పక్కన ఎక్కిండు.